స్కాన్‌లో కనిపించని వాపు నరాన్ని ఎలా రెచ్చగొడుతుంది?

అడిగినావిడ ఒంగోలు పక్కన ఒక ఊళ్లో టీచరు. వయసు 34. ఆమె రాసింది క్లుప్తంగా ఇదీ: "12 ఏళ్లుగా ఒకవైపు కణత నొప్పి. ఎమ్మారై తీశారు, ఏమీ లేదన్నారు. ఈఎస్ఆర్, సీఆర్‌పీ కూడా నార్మల్. అయినా డాక్టర్ గారు ఇది మైగ్రేన్, నరాల దగ్గర ఇన్‌ఫ్లమేషన్ ఉంది అన్నారు. వాపు ఉంటే స్కాన్‌లో కనపడాలి కదా? రిపోర్టు చూసి ఇంట్లో అందరూ 'ఏమీ లేదంట, ఊరికే టెన్షన్' అంటున్నారు. నొప్పి ముదిరితే తల దువ్వుకోవాలన్నా ప్రాణం పోతుంది. మొదట్లో ఒక మాత్రకి అరగంటలో తగ్గేది, ఇప్పుడు రెండు వేసుకున్నా తగ్గట్లేదు. నెలలో 18, 20 రోజులు వేసుకుంటున్నాను."

అమ్మా, నేను నెల్లూరులో 22 ఏళ్లుగా నరాల జబ్బులు చూస్తున్నాను. మీరు అడిగిన ప్రశ్న నా గదిలో వారానికి ఒకసారైనా ఎవరో ఒకరు అడుగుతారు, ఎక్కువగా ఆడవాళ్లు. 'ఏమీ లేదు' అనే మాట విని కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. ఒక్కటి ముందే చెబుతాను: మీ నొప్పి నిజం, మీ రిపోర్టు కూడా నిజమే. రెండిటికీ తగాదా లేదు.

చిక్కంతా 'వాపు' అనే మాటతో వచ్చింది. ఇన్‌ఫ్లమేషన్ అనగానే మనం వాపు అనేస్తాం. కాలు బెణికితే చీలమండ ఉబ్బి, ఎర్రబడి, వేడెక్కుతుంది కాబట్టి తలలో కూడా ఏదో అలా ఉబ్బి ఉంటుందనుకుంటాం. మైగ్రేన్‌లో అట్లాంటి ఉబ్బు ఉండదు. ఉండేవి కొన్ని రసాయనాలు. మెదడును కప్పి ఉన్న పొరలో, నరాల కొనల చుట్టూ, చాలా కొద్ది మోతాదులో ఊరతాయి. మామూలు ఎమ్మారై కణితిని, రక్తస్రావాన్ని, గడ్డని చూపిస్తుంది కానీ వీటిని చూపించలేదు. ఇక ఈఎస్ఆర్, సీఆర్‌పీ ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో ఒళ్లంతటి లెక్క చెప్పే రక్తపరీక్షలు. అరచేతి వెడల్పు పొరలో జరిగే గొడవ వాటిదాకా రాదు. 2020లో వచ్చిన ఒక పరిశోధనలో ప్రత్యేకమైన పెట్ స్కాన్ వాడి చూశారు. నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు వచ్చే మైగ్రేన్ రోగుల్లో, తల వెనక చూపుకి సంబంధించిన మెదడు భాగం పైనున్న పొరల దగ్గర ఇన్‌ఫ్లమేషన్ గుర్తులు దొరికాయి. అది పరిశోధనకి పనికొచ్చే స్కానే కానీ మీకు రాసేది కాదు. సరైన దీపం పెట్టి చూస్తే అక్కడ ఏదో ఉందని తెలియడానికి ఆ ఉదాహరణ చాలు.

ఇంకో సంగతి. మెదడుకి నొప్పి తెలియదు. రోగి మెలకువగా మాట్లాడుతుండగానే మెదడుకి ఆపరేషన్ చేస్తారంటే కారణం అదే. నొప్పి తెలిసేది దాన్ని కప్పిన పొరకి, ఆ పొర మీది రక్తనాళాలకి. డ్యూరా అనే ఆ పొర నుంచి నొప్పి కబురు మోసే తీగలు ట్రైజెమినల్ నరానివి. మన ముఖానికి, దంతాలకి, కంటికి స్పర్శ ఇచ్చేది కూడా ఆ నరమే. మీ నొప్పి కణతలోంచి కంటి వెనక్కి, ఒక్కోసారి పంటికి పాకేది అందుకే. ఈ తీగల కణాలన్నీ ఒక గుంపుగా పుర్రె అడుగున, చెవికి కాస్త ముందు లోతుగా ఉంటాయి. ఆ గుంపుని ట్రైజెమినల్ గాంగ్లియాన్ అంటాం. ఇక్కడి నుంచి చెప్పబోయేది ఈ కణాల గురించే.

మా అమ్మమ్మగారి ఊరు దర్శి పక్కన. వేసవి సెలవుల్లో అక్కడికి పోతే మిరప కల్లంలో తొడిమలు తీసే ఆడవాళ్ల మధ్య కూర్చుని నేనూ తీసేవాణ్ణి. పొద్దుగూకేసరికి వేళ్లు ఎర్రగా కందిపోయి భగభగమనేవి. కొబ్బరినూనె రాసుకుని కాసేపు ఓర్చుకుని స్నానానికి పోతే, గోరువెచ్చటి నీళ్లలో చెయ్యి పెట్టగానే నిప్పుల్లో పెట్టినట్టు వెనక్కి లాక్కునేవాణ్ణి. అదే నీళ్లలో తాత చెయ్యి పెట్టి, "చల్లారిపోయినాయి కదరా" అనేవాడు. నీళ్లు ఒక్కటే, చేతులు రెండు రకాలు. దీని వెనకున్న కథ నాకు వైద్యం చదివేటప్పుడు తెలిసింది. నొప్పి నరాల కొనల మీద వేడిని పసిగట్టే ఒక ద్వారం ఉంటుంది, పేరు టీఆర్‌పీవీ1. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దాన్ని గుర్తించింది, 2021లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. మామూలుగా సుమారు 43 డిగ్రీల వేడి తగిలితేనే అది తెరుచుకుంటుంది. మిరపలోని క్యాప్సైసిన్ అంటుకుంటే ఆ గీత కిందికి జారిపోతుంది. అప్పుడిక గోరువెచ్చన కూడా మంటే.

మిరపకారం బయటి నుంచి వచ్చి చేసిన పనిని, ఇన్‌ఫ్లమేషన్‌లో మన ఒంట్లోనే తయారయ్యే రసాయనాలు చేస్తాయి. నరం తెగదు, చెడిపోదు. అది 'నొప్పి' అని కేకపెట్టే గీత కిందికి జారుతుంది, అంతే. దీన్నే సెన్సిటైజేషన్ అంటాం. మన మాటల్లో చెప్పాలంటే నరం చిరాకులో ఉంది.

ఆ చిరాకు పుట్టించేవాళ్లలో ప్రోస్టాగ్లాండిన్ ఈ2 ఒకటి. దాని సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీరు వేసుకునే మాత్ర పనిచేసేది సరిగ్గా అక్కడే. అది నరం కొన మీదున్న తన గ్రాహకానికి అతుక్కుంటుంది. కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే కబురు పెరుగుతుంది. ఆ కబురు అందుకున్న ఒక ఎంజైము పోయి సోడియం ద్వారాలకి ఫాస్ఫేట్ ముక్క తగిలిస్తుంది. దాంతో అవి ఇంతకుముందు కంటే తేలిగ్గా, చిన్న కదలికకే తెరుచుకుంటాయి. సోడియం లోపలికి దూకిందంటే నరం మోగినట్టే. ఇదంతా నిమిషాల మీద జరిగిపోతుంది. ఆస్పిరిన్ లాంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయని జాన్ వేన్ 1971లో చూపించారు. ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, డైక్లోఫెనాక్ అదే దారి. ఇక్కడ మీరు గమనించాల్సింది: ఈ మాత్రలు కొత్తగా తయారయ్యేదాన్ని ఆపుతాయి. ఇప్పటికే తయారై, నరానికి అతుక్కుని, ద్వారాలు మార్చేసినదాన్ని వెనక్కి తియ్యలేవు.

ప్రోస్టాగ్లాండిన్ ఒంటరిగా రాదు. డ్యూరా పొరలో నరాలకి, రక్తనాళాలకి ఆనుకుని మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలుంటాయి. అవి పగిలితే హిస్టమిన్, ట్రిప్టేజ్, టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే రసాయనాలు బయటికొస్తాయి. రక్తంలోంచి బ్రాడీకైనిన్ అనే ఇంకో రసాయనం వస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, టీఎన్ఎఫ్ అనే సైటోకైన్లు, అంటే కణాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్లు, ప్రోస్టాగ్లాండిన్ తయారుచేసే ఎంజైముని పెంచుతాయి, అది చాలదన్నట్టు నేరుగా నరాన్నీ కదిలిస్తాయి. 1996లో అమెరికాలో స్ట్రాస్‌మన్, బర్‌స్టీన్ అనే పరిశోధకులు ఎలుకల డ్యూరా మీద హిస్టమిన్, సెరటోనిన్, బ్రాడీకైనిన్, ప్రోస్టాగ్లాండిన్ కలిపిన ద్రవాన్ని వేసి, ఒక్కో నరకణం ఎలా మోగుతుందో కొలిచారు. అంతకుముందు పొర మీద గట్టిగా నొక్కితేనే పలికిన నరాలు, ఆ తర్వాత తేలిగ్గా తాకినా పలకడం మొదలుపెట్టాయి. మీరు వంగినప్పుడు, దగ్గినప్పుడు, బడి మెట్లు ఎక్కినప్పుడు నొప్పి ఒక్కసారిగా ఎగదన్నడానికి కారణం ఇదే. తల లోపలి ఒత్తిడి కొంచెం మారడం రోజూ జరిగే పనే. మామూలు రోజున నరం దాన్ని లెక్కచెయ్యదు, చిరాకులో ఉన్నరోజున ఊరుకోదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఈ నరకణాలు కబుర్లు మోసి ఊరుకునే రకం కాదు. రెచ్చిపోతే అవే తమ కొనల్లోంచి రసాయనాలు విడుస్తాయి. వాటిల్లో ముఖ్యమైంది సీజీఆర్‌పీ, 37 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. అది రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది. గాంగ్లియాన్ లోపల జరిగేది ఇంకా చిత్రంగా ఉంటుంది. అక్కడ ఒక్కో నరకణాన్నీ శాటిలైట్ కణాలనే చిన్న కణాలు చాపలా చుట్టుకుని ఉంటాయి. నరకణం విడిచిన సీజీఆర్‌పీ పక్కనున్న శాటిలైట్ కణానికి తగిలితే, అది నైట్రిక్ ఆక్సైడ్‌ని, సైటోకైన్లని విడుస్తుంది. అవి మళ్లీ ఆ నరకణాన్నే పొడుస్తాయి. టీఎన్ఎఫ్ అయితే నరకణం లోపలికి కబురు పంపి సీజీఆర్‌పీ తయారీనే పెంచేస్తుంది. ఎద్దు గానుగ చుట్టూ తిరిగినట్టు ఒకటి ఇంకోదాన్ని తిప్పుతూ ఉంటుంది. మైగ్రేన్ నొప్పి 4 గంటల నుంచి 72 గంటల దాకా సాగడం వెనక ఈ తిరుగుడు ఉందని అనుకుంటున్నారు.

అన్ని రసాయనాలూ సమానం కాదని కూడా చెప్పాలి. ఒకప్పుడు సబ్‌స్టెన్స్ పీ అనేదే దోషి అనుకున్నారు. అది రక్తనాళాల్లోంచి నీరు కారేలా చేస్తుంది, అదే నిజమైన 'వాపు' కదా అని. దాన్ని అడ్డుకునే మందులు ఎలుకల్లో బాగా పనిచేశాయి. మనుషుల్లో మైగ్రేన్‌కి ఇస్తే పనిచెయ్యలేదు. నాకు ఇది చాలా పెద్ద పాఠం. మనిషి మైగ్రేన్‌లో నీరు కారడం, ఉబ్బడం ముఖ్యం కాదు, నరం చిరాకు ముఖ్యం. సీజీఆర్‌పీ మాత్రం పరీక్షలకి నిలబడింది. గోడ్స్‌బీ, ఎడ్విన్సన్ అనే శాస్త్రవేత్తలు 1990లో, మైగ్రేన్ వచ్చిన సమయంలో మెడ దగ్గరి సిర రక్తంలో అది పెరిగిందని చూపించారు. 2002లో డెన్మార్క్‌లో మైగ్రేన్ ఉన్నవాళ్లకి సీజీఆర్‌పీని రక్తంలోకి ఎక్కిస్తే, గంటల తర్వాత కొందరికి అచ్చం తమ నొప్పిలాంటిదే వచ్చింది. 2018లో దాన్ని అడ్డుకునే మొదటి ఇంజెక్షన్ ఎరెన్యుమాబ్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది. ఈ దారి వేసిన నలుగురు శాస్త్రవేత్తలకి 2021లో, మెదడు పరిశోధనకి ఇచ్చే బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. ఈ రకం మందులు మన దగ్గరా వచ్చాయి కానీ ఖరీదెక్కువ. పాత మందులతో సరిగ్గా ప్రయత్నించి చూడకుండా నేను వాటి జోలికి పోను.

మరి ఇదంతా మొదలయ్యేది ఎక్కడ? ఆరా ఉన్న మైగ్రేన్‌లో, అంటే నొప్పికి ముందు మెరుపులు కనిపించే రకంలో, మెదడు మీద నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల వేగంతో ఒక అల పాకుతుంది. ఆ అల తగిలిన మెదడు కణాలు ఇన్‌ఫ్లమేషన్ కబురు విడుస్తాయని, అది పైపొర నరాలదాకా చేరుతుందని 2013లో చిట్టెలుకల్లో చూపించారు. నిద్ర తప్పడం, పొద్దున ఏమీ తినకుండా బడికి పరుగెత్తడం, రోహిణి కార్తె ఎండ, నెలసరి ముందు ఈస్ట్రోజెన్ పడిపోవడం, ఇవన్నీ పుట్టుకతోనే సున్నితంగా ఉన్న మెదడుని కదిలిస్తాయి. ఆ సున్నితం కుటుంబాల్లో వస్తుంది. మీ అమ్మగారిని అడిగి చూడండి, ఆమెకీ తలపోటు వచ్చేదేమో.

తల దువ్వుకుంటే నొప్పి ఎందుకు అన్నారు. దువ్వెన తగిలేది నెత్తి చర్మానికి, గొడవ జరుగుతున్నది పుర్రె లోపలి పొరలో. రెండిటికీ పొత్తు ఎక్కడంటే, రెండిటి తీగలూ మెడ పైభాగంలో, మెదడు కాండం కింద, ఒకే రెండో వరస కణాల దగ్గరికి చేరతాయి. పొర నుంచి గంట, రెండు గంటలు ఆగకుండా కేకలు వస్తుంటే ఆ రెండో వరస కణాలు కూడా చిరాకుపడతాయి. అప్పుడిక చర్మం నుంచి వచ్చే మామూలు స్పర్శని కూడా నొప్పిగానే లెక్క వేస్తాయి. దువ్వెన, జడ, కళ్లజోడు కాడ, దిండు, అన్నీ గుచ్చుకుంటాయి. దీనికి అల్లోడైనియా అని పేరుంది, మైగ్రేన్ ఉన్న ప్రతి ముగ్గురిలో ఇద్దరి దాకా ఇది కనిపిస్తుంది. మీరు సున్నితం మనిషి అయ్యి కాదు, నటనా కాదు. ఈ పేరా మీ ఇంట్లో వాళ్లకి చదివి వినిపించండి.

ఇక్కడే మాత్ర టైము సంగతి వస్తుంది. మొదటి వరస, అంటే పొర నుంచి వచ్చే నరాలు, మాత్రమే రేగినప్పుడు మాత్ర వేసుకుంటే అది ఆరిపోతుంది. సుమట్రిప్టాన్, రిజట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్ మాత్రలు నరం కొనల్లోంచి సీజీఆర్‌పీ విడుదలని ఆపుతాయి. రెండో వరస అంటుకున్నాక కొన దగ్గర ఎంత ఆపినా లోపల తనంతట తానే మండుతుంటుంది. నా దగ్గరికి అల్లూరు వైపు నుంచి ఒక రొయ్యల రైతు వచ్చేవాడు. రాత్రంతా ఏరేటర్ల దగ్గర కాపలా, తెల్లవారుజామున మూడింటికి నొప్పి మొదలు. "ఇంత చిన్న నొప్పికి మాత్ర ఎందుకులే సార్" అని ఓర్చుకుని, మేత వేసి, తూకం చూసుకుని, ఎనిమిదింటికి వాంతులయ్యాక వేసుకునేవాడు. మందు అదే ఉంచి, మొదలైన అరగంట లోపల వేసుకోమన్నాను. రెండు నెలల తర్వాత వచ్చి, మందు మార్చారా సార్ అని అడిగాడు. ఓర్చుకోవడం మంచి గుణమే కానీ మైగ్రేన్ దగ్గర అది పనికిరాదు.

కానీ అమ్మా, ఈ మాట మీకు ఇప్పుడే పూర్తిగా వర్తించదు. నెలకి 18, 20 రోజులు మాత్రలు అన్నారు. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు గానీ, ట్రిప్టాన్లు, రెండు మూడు మందులు కలిపిన కాంబినేషన్ మాత్రలు, ట్రమడాల్ లాంటి నల్లమందు జాతివి 10 రోజులు గానీ, మూడు నెలలకి పైగా వాడితే మాత్రలే తలనొప్పిని నిలబెట్టడం మొదలుపెడతాయి. అలా వాడిన జంతువుల్లో ట్రైజెమినల్ కణాల్లో సీజీఆర్‌పీ పెరిగి కనిపించింది. అంటే మంట ఆర్పడానికి పోసేదే దాన్ని ఎగదోస్తోంది. మీ మాత్ర 'పనిచెయ్యడం మానేసింది' అని మీరనుకుంటున్నది బహుశా ఇదే. మోతాదు పెంచితే ఇంకా లోతుకి పోతారు. డాక్టర్ చెంత ఉండి వాటిని ఆపడం, అదే సమయంలో ప్రొప్రనోలాల్, అమిట్రిప్టిలిన్, టోపిరమేట్ లాంటి నివారణ మందు ఒకటి మొదలుపెట్టడం దారి. ఆపిన మొదటి వారం, పది రోజులు నొప్పి ఎక్కువవుతుంది. ముందే తెలిస్తే తట్టుకోగలుగుతారు. ట్రమడాల్ గానీ, నిద్రమాత్రలు కలిసినవి గానీ ఉంటే సొంతంగా ఒక్కసారిగా ఆపకండి. ఉబ్బసం ఉంటే ప్రొప్రనోలాల్ వద్దు, గర్భం ఆలోచన ఉంటే టోపిరమేట్ వద్దు, గుండె జబ్బు ఉంటే ట్రిప్టాన్ వద్దు. ఇలాంటివి ఉంటే మీ డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి, వాళ్లు అడగకపోయినా.

ఇన్‌ఫ్లమేషన్ అంటే ఇన్‌ఫెక్షన్ కాదు. ఇక్కడ క్రిమి లేదు, యాంటీబయాటిక్‌తో పనిలేదు. మైగ్రేన్‌లో కొందరికి కన్ను కారుతుంది, ముక్కు దిబ్బడేస్తుంది, ట్రైజెమినల్ నరం రేగితే కన్నీటి గ్రంథులకి, ముక్కుకి పోయే నరాలు కూడా కదులుతాయి కాబట్టి. దాన్ని చూసి 'సైనస్' అని ఏళ్ల తరబడి యాంటీబయాటిక్స్ మింగినవాళ్లు మన రెండు జిల్లాల్లోనూ కోకొల్లలు. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం. కణతకి శొంఠి పట్టు, అమృతాంజనం రాసుకుంటే మాత్రం నేను కాదనను. చర్మం మీది వేడి, చలువ ద్వారాలు తెరుచుకుని నొప్పిని కాసేపు మరిపిస్తాయి. కంట్లో పడకుండా చూసుకోండి, చాలు.

వానాకాలంలో జ్వరంతో పాటు కళ్ల వెనక నొప్పి వస్తే అది మీ పాత నొప్పి అనుకుని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేసుకోకండి. డెంగీ అయితే రక్తస్రావం ముప్పు, పారాసెటమాల్ ఒక్కటే వాడాలి. ఎన్నడూ లేనంత నొప్పి పిడుగులా ఒక్క నిమిషంలో వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకుపోయినా, కాలు చెయ్యి పడిపోయినా ఆలోచించకుండా పెద్దాసుపత్రికి. ఇంట్లో 50 దాటినవాళ్లకి కొత్తగా కణత నొప్పి వచ్చి, నమిలితే దవడ లాగుతుంటే ఆ రోజే చూపించండి. అది ధమనిలో నిజంగా వచ్చే ఇన్‌ఫ్లమేషన్ కావచ్చు. ఈఎస్ఆర్ పెరిగేది అక్కడ. స్టెరాయిడ్ ఆలస్యమైతే చూపు పోవచ్చు.

ఈ రోజు మీరు చెయ్యదగ్గ పని ఒకటుంది. గోడ మీది తెలుగు క్యాలెండర్ తీసుకుని, నొప్పి వచ్చిన రోజున ఒక గీత, మాత్ర వేసుకుంటే దాని పేరు, వేసుకున్న టైము, నెలసరి రోజుకి ఒక చుక్క పెట్టండి. దువ్వెన తగిలి నొప్పి పుట్టిన రోజుకి ఇంకో గుర్తు పెట్టండి, నొప్పి మొదలైన ఎన్ని గంటలకి అలా అయిందో పక్కన రాయండి. నాలుగు వారాలయ్యాక ఒంగోలులోనో, ఇక్కడో నరాల డాక్టర్‌ని కలిసినప్పుడు ఎమ్మారై ఫైలు కంటే ముందు ఆ కాగితం టేబుల్ మీద పెట్టండి.